నీరతైలవివేకము

కొలపాత్ర ఎవని చేతనుండునో ధాన్యము వానిదే యగుచుండుట లోకమున క్రొత్త విషయము కాదు. పండించువాడొకడు, కొలుచువాడు వేరొకడు అయినచోట పండించినవాని శ్రమకు వెలకట్టునది పొలము కాదు, కొలతయే. ఈ సత్యమును మన నిజామాబాదు జిల్లా రైతులకు ఒకరు నేర్పవలసిన పనిలేదు. కొనుగోలు కేంద్రమున వడ్లకుప్ప పోసి దినముల తరబడి కాచుకొనియుండు రైతు నడుగుడు. వడ్లలో తేమ నూటికి 17 పాళ్ళు మించరాదను నిబంధన ఆతనికి కంఠస్థమే. చేతిలో నిముడు చిన్న యంత్రము 17 అని చూపిన నాడు ఆ వడ్లకు ధర యున్నది. అదే యంత్రము మరియొక అంకె చూపిన నాడు నిరీక్షణయో, తరుగో తప్పదు. గింజ మారలేదు, రైతు మారలేదు. మారినది నీటి లెక్క యొక్కటే.

బోధను ప్రాంతపు చెరుకు రైతులు ఈ పాఠమును తరతరములుగా నేర్చియున్నారు. మంజీరపై 1923 లో మొదలై 1931 నాటికి ముగిసిన నిజాంసాగరు నిర్మాణము వలన ఈ ప్రాంతపు పొలములకు నీరు పారెను. 1937 లో శక్కర్‌నగరున వెలసిన నిజాం చక్కెర కర్మాగారము ఆ పొలముల చెరుకును గానుగాడెను. చెరుకుగడలో అధికభాగము నీరే. రైతు తూచి యిచ్చునది గడ. దేశము కొనునది చక్కెర. ఈ రెంటికిని నడుమ నున్నది నీరును, పిప్పియును. రసమున కరగిన పదార్థమెంతో బ్రిక్స్ అంకె చెప్పును. అందు నిజమైన చక్కెర యెంతో పోలారిమీటరు చెప్పును. తుదకు బస్తాల కెక్కినదెంతో రికవరీ చెప్పును. కేంద్రప్రభుత్వము చెరుకునకు ప్రకటించు ధర ఈ రికవరీతోనే ముడిపడియున్నది; 2022-23 నుండి 10.25 పాళ్ళ రికవరీని దానికి ప్రాతిపదికగా గైకొన్నారు. అయితే ఆ అంకెను లెక్కించునది కర్మాగారము. అది ఫ్యాక్టరీ మొత్తపు సగటు. రైతు దానిని విని నమ్మవలసినదే. 2015 చివర ఆ కర్మాగారము మూతపడినను, అది మిగిల్చిపోయిన అనుభవము మూతపడలేదు. సరకులోని నీటిని ఎవడు కొలుచునో వాడే సరకునకు వెలకట్టును.

ఈ మాటను నేడు మేము మరల ఎత్తుటకు కారణము వడ్లును కాదు, చెరుకును కాదు. భూగర్భమునుండి వెలువడు ముడినూనె. కంఠేశ్వరమున కూర్చున్నవారికి నూనెబావులతో నేమి సంబంధమని పాఠకులు వింతపడవచ్చును. మన జిల్లాలోని కందకుర్తివద్ద మంజీరను, హరిద్రను కలుపుకొని తెలంగాణమున ప్రవేశించు గోదావరియే తుదకు కోనసీమయందు సముద్రమున గలియుచున్నది. ఆ నదియు, కృష్ణయు యుగయుగములుగ మోసికొనిపోయి పేర్చిన పొరలలోను, వాని క్రింది ప్రాచీన శిలలలోను దేశము నేడు నూనెను, వాయువును వెదకి తీయుచున్నది. భారతదేశమునకు కావలసిన ముడినూనెలో నూటికి 85 పాళ్ళకు మించి పరదేశములనుండి వచ్చుచుండగా, మన నేలలో దొరకిన ప్రతి పీపాయు దేశధనమే. ఆ ధనమునకు లెక్క అడుగుటకు కోనసీమవాసికి ఎంత హక్కు గలదో బోధను రైతునకును అంతటి హక్కు గలదు.

ముందుగా, నూనెబావినుండి వచ్చునదేదియో పాఠకులు స్పష్టముగ నెరుంగవలెను. బావిని త్రవ్వగనే స్వచ్ఛమైన నల్లనూనె చిమ్ముకొని వచ్చునను తలంపు చలనచిత్రములవలన గలిగినది. నిజమునకు అందుండి వచ్చునది ఒక సంకరప్రవాహము. నూనె, వాయువు, ఉప్పునీరు, ఇసుక అన్నియు నొక్క గొట్టమున కలిసి వచ్చును. శిలల సందులలో నూనెతోపాటు అనాదిగా నిలిచియున్న నీరు, నూనె తరుగుకొలది దాని స్థానమున చొచ్చుకొని వచ్చును. బావి క్రొత్తదిగా నున్నప్పుడు నీరు స్వల్పము. బావి ముదిరినకొలది నీరు పెరిగి, తుదకు నూరు పీపాలలో తొంబదికి పైగా నీరే యగు బావులు ప్రపంచమున ఎన్నియో కలవు. ఈ నీటిపాలునే నూనె పరిశ్రమవారు వాటర్ కట్ అని వ్యవహరింతురు. పైగా నూనెయు నీరును ఎల్లప్పుడును వేరువేరుగ నుండవు. చిలుకని మజ్జిగలో వెన్న దాగియున్నట్లు, సూక్ష్మబిందువులుగా ఒకదానిలో నొకటి దాగి యుండును. వేడిచేసియు, మందులు కలిపియు, విద్యుత్తు ప్రయోగించియు వానిని విడదీయవలసియుండును. నీరమును క్షీరమును వేరుచేయు హంసను కవులు కొనియాడిరి. నీరమును తైలమును వేరుచేయుటకు ఏ హంసయు లేదు.

ఇందు ముఖ్యముగ గమనింపవలసిన విషయమొకటి కలదు. బావివద్ద నూనెను నేరుగ కొలుచుట అరుదు. మొత్తము ద్రవమును కొలుతురు. అందు నీరు ఎన్ని పాళ్ళో కొలుతురు. ఆ నీటిని తీసివేయగా మిగిలిన దానిని నూనె యందురు. అనగా నూనె యనునది శేషము. కొలతకు లోబడునది నీరు. శేషము యొక్క సత్యము తీసివేతయందే యున్నది. నీటి లెక్క తప్పిన నూనె లెక్క తప్పక తప్పును. నీటి లెక్క దాచబడిన నూనె లెక్కయు దాచబడినట్లే.

ఒక చిన్న గణితము చేసి చూతము. ఒక బావినుండి దినమునకు 1000 పీపాల ద్రవము వచ్చుచున్నదనుకొందము. అందు నీరు నూటికి 60 పాళ్ళయిన నూనె 400 పీపాలు. నీటి కొలతలో 2 పాళ్ళ పొరపాటు దొరలినచో నూనె 380 కావచ్చును, 420 కావచ్చును. నూనె లెక్కలో పొరపాటు నూటికి 5. అదే బావి ముదిరి నీరు 90 పాళ్ళయినప్పుడు నూనె 100 పీపాలే. ఆ 2 పాళ్ళ పొరపాటే ఇప్పుడు నూనెను 80 గనో 120 గనో చూపును. పొరపాటు నూటికి 20. యంత్రము మారలేదు, దాని దోషము పెరుగలేదు. అయినను నూనె లెక్కలోని తప్పు నాలుగింతలైనది. కావున క్షేత్రము వృద్ధమగుకొలది కొలతయందు శ్రద్ధ పెరుగవలెను. లోకరీతి దీనికి విపరీతముగ నున్నది. సంపద తరుగుకొలది చూచువారును తరుగుదురు.

ఇక కొలుచు పద్ధతు లెట్టివో, వానియందలి చిక్కులెట్టివో సంగ్రహముగ నివేదింతుము. అన్నిటికన్న పురాతనమైనది తొట్టిపద్ధతి. బావిప్రవాహమును పెద్ద ఉక్కుతొట్టిలోనికి పంపి నిలువనిత్తురు. వాయువు పైకి లేచును, నూనె నడుమ తేలును, నీరు అడుగునకు దిగును. మూటిని మూడు గొట్టములద్వారా తీసి కొలుతురు. దీనినే టెస్ట్ సెపరేటర్ అందురు. ఇది నమ్మదగినదే గాని, ప్రతి బావికిని ఒక తొట్టి యుండదు. పెక్కు బావులకు ఒక్కటి పెట్టి, ఒక్కొక్క బావిని వంతులవారిగ కొన్ని గంటలు మాత్రము దానికి త్రిప్పుదురు. ఆ కొన్ని గంటల ఫలితమునే మరల వంతు వచ్చువరకు బావి నడవడిగా భావింతురు. ఒక్క పూట వచ్చి చూచి నెలదినముల హాజరు వేసినట్లున్నది ఈ పద్ధతి.

రెండవది పరీక్షశాల పద్ధతి. గొట్టమునుండి నమూనా తీసి గిరగిర త్రిప్పు యంత్రమున నుంచినచో బరువైన నీరును మడ్డియు సీసా అడుగునకు చేరును. ఇంతకన్న శ్రేష్ఠమైనది 1920 లో అమెరికావారైన డీన్, స్టార్క్ అను ఇద్దరు కల్పించిన బట్టీపద్ధతి. నూనెను ఒక ద్రావకముతో కలిపి కాచినచో అందలి నీరు ఆవిరియై, చల్లబడి, గీతలు గల గొట్టములోనికి బొట్టుబొట్టుగ దిగును. ఆ గీత చూచి నీరెంతో చెప్పవచ్చును. సారాబట్టీ నెరిగినవారికి ఇందు వింత యేమియు లేదు. అతిస్వల్పమైన నీటిని గూడ పట్టుటకు 1935 లో జర్మనుడగు కార్ల్ ఫిషర్ అయొడిను ఆధారముగ మరియొక రసాయనపద్ధతిని కనుగొనెను. ఈ పద్ధతులు దోషములేనివే. దోషమంతయు నమూనా తీయుటయందున్నది. అడ్డముగ పరచిన గొట్టమున ప్రవాహము మెల్లగ సాగునప్పుడు నీరు అడుగున, నూనె పైన పారును. పైభాగమున తీసిన నమూనా నీరే లేదనును. అడుగున తీసినది అంతయు నీరే యనును. బస్తా పైని ఎండుగింజలు చూచి లోపలి తేమ నెరుగజాలమని మన మార్కెటుయార్డు హమాలీకి కూడ తెలియును.

మూడవది, గొట్టమునందే అమర్చిన యంత్రములు ప్రతిక్షణము కొలుచు పద్ధతి. నీటికిని నూనెకును విద్యుద్గుణమున అపారమైన భేదము కలదు. డైఎలెక్ట్రిక్ అంకె నూనెకు ఇంచుమించు 2 అయిన నీటికి 80. ఈ భేదము నాధారముగ జేసికొని కొన్ని యంత్రములు పనిచేయును. నూనెలో నీటిబొట్టులు తేలుచున్నంతవరకు ఇవి చక్కగ చెప్పును. నీరు పెరిగి, నీటిలో నూనెబొట్టులు తేలు స్థితి వచ్చినప్పుడు తడబడును; నీటి ఉప్పదనము మారినను తడబడును. మరికొన్ని యంత్రములు సాంద్రతను తూచి నీటిపాలు చెప్పును. నూనె ఘనమీటరునకు 850 కిలోలు, ఉప్పునీరు 1020 కిలోలు అనుకొన్నచో, మిశ్రమము 935 తూగినప్పుడు సగము నీరని తేలును. అయితే నూనె నిజముగ 860 కిలోలదైనచో నీరు 50 పాళ్ళు కాదు, 47 పాళ్ళకు లోపలనే. ద్రవమున చిన్నచిన్న వాయుబుడగలు చిక్కుకొన్నను తూకము మోసపోవును. కావున యంత్రమెంత గొప్పదైనను, దానికి ముందుగ చెప్పిన అంకెలు సత్యమైననే అది సత్యము చెప్పును. ఆ అంకెలను యంత్రమునకు చెప్పునది మనుష్యుడు.

న్యాయము తప్పకుండుటకై ఇచట నొక మాట ఒప్పుకొనవలెను. నూనెను తుదకు కొనువానికి అప్పగించు తావున కొలత కట్టుదిట్టముగనే యుండును. అచ్చట నీరు దాదాపు తీసివేయబడి యుండును. అమ్మువాడును కొనువాడును ఎదురెదురుగ నిలుచుటవలన ఒకరి కన్ను ఒకరిపై నుండును. మా ఆందోళన ఆ తావును గూర్చినది కాదు. దానికి పైనున్న దూరమును గూర్చినది. పెక్కు బావుల ప్రవాహములు ఒక్క కేంద్రమున కలిసినప్పుడు ఏ బావినుండి ఎంత నూనె వచ్చినదో పంచి చెప్పునది నీటి లెక్క. క్షేత్రము ఏ దశయందున్నదో, ఇంకెంత మిగిలియున్నదో చెప్పునది నీటి లెక్క. గొట్టములు లోలోపల తుప్పు పట్టుచున్నవో లేదో ముందుగ హెచ్చరించునది నీటి లెక్క. ఇవి మా ఊహలు కావు. మన తెలుగునేలయందే రెండు సందర్భములు దీనికి సాక్ష్యము చెప్పుచున్నవి.

మొదటిది కృష్ణా-గోదావరి లోతు సముద్రమునందలి కేజీ-డీ6 చరిత్ర. అచ్చట రిలయన్సు సంస్థ 2009 ఏప్రిలునుండి వాయువు తీయ మొదలిడెను. 2010 లో ఆ ఖండమునుండి దినమునకు 6 కోట్ల ఘనమీటర్లకు మించి వాయువు వెలువడెను; 2013 నాటికి అది నాలుగవ వంతునకు దిగజారెను. ఆ వాయువును నమ్ముకొని కోట్లాది రూప్యములతో కట్టిన విద్యుత్కేంద్రములు ఇంధనములేక నిలిచిపోయినవి. బావులలోనికి నీరును ఇసుకయు చొచ్చుకొని వచ్చినవి, భూగర్భము ఊహించినట్లు లేదు అని సంస్థ చెప్పెను. ఒప్పుకొన్నన్ని బావులు త్రవ్వకుండుటయే కారణమని ప్రభుత్వపక్షము వాదించెను. వివాదము మధ్యవర్తులవరకు సాగెను. అందలి ధీరూభాయి 1, 3 వాయుక్షేత్రములు 2020 ఫిబ్రవరిలో ఉత్పత్తి మానినవి. అంతకు ముందే, 2018 సెప్టెంబరున ఎం.ఏ. నూనెక్షేత్రము ఆగినది. వాద ప్రతివాదములలో సత్యమెవరిదో తీర్పుచెప్పుట మా పని కాదు. మేమడుగునది ఒక్కటే: ఏ బావిలో ఏ నెలయందు ఎంత నీరు వచ్చినదో చూపు పట్టిక నెలనెలా ప్రజల యెదుట నుండినచో, ఇంతటి వాదమునకు ఇంతటి చీకటి యుండెడిదా? నీటిమీద నడచిన వివాదములో ప్రజలకు కనబడనిది నీటి లెక్కయే యగుట విపరీతము కాదా?

రెండవ సందర్భమును తలచుకొన్న హృదయము కంపించును. 2014 జూన్ 27 వ తేదీ తెల్లవారుజామున కోనసీమయందలి నగరము గ్రామమున, తాటిపాక నుండి కొండపల్లి విద్యుత్కేంద్రమునకు వాయువు కొనిపోవు గెయిల్ సంస్థ గొట్టము పగిలి, మంటలు చెలరేగి, ఇరువదిమందికి పైగా ఆహుతియైరి. నిద్రించుచున్న కుటుంబములు నిద్రలోనే బూడిదయ్యెను, కొబ్బరితోటలు మాడిపోయెను. విచారణలో బయటపడిన విషయమేమనగా, ఆ గొట్టము పొడివాయువునకు ఉద్దేశింపబడినది. అందు పారినది తడివాయువు. తడిని తీసివేయు యంత్రాగారము ముందుగ నెలకొల్పబడలేదు. వాయువులోని నీరు బొగ్గుపులుసుగాలితో కూడి ఆమ్లమై గొట్టము లోపలిభాగమును ఏండ్ల తరబడి కొరుకుచు వచ్చెను. వాయువులో నీరెంత యున్నదను ప్రశ్న గొట్టము పగులకముందు ఒక రసాయనశాల ప్రశ్న; పగిలిన తరువాత అది శవములను లెక్కించు ప్రశ్న. నీటిని కొలుచు పనికి వెచ్చింపదగిన సొమ్ము ఆ గ్రామము చెల్లించిన మూల్యముతో పోల్చిన ఎంతటిదో పాఠకులే యోచింతురుగాక.

ఈ విషయమున స్వాతంత్ర్యమునకు పూర్వమున్న స్థితిని ఒక్కసారి స్మరింపవలెను. అస్సాములోని డిగ్బోయివద్ద 1889 లో నూనె పడెను. 1901 లో అచ్చట శుద్ధికర్మాగారము వెలసెను. భూమి మనది, కూలి మనది. బావి పరదేశీయులది, లెక్క పుస్తకము పరదేశీయులది. ఎంత తీసిరో వారు చెప్పినదే ప్రమాణము. స్వతంత్ర భారతము 1948 లో నూనెక్షేత్రముల చట్టము చేసెను. 1956 లో ఓఎన్‌జీసీని నెలకొల్పెను. సముద్రగర్భమునందలి సంపద దేశప్రభుత్వమునకు చెందునని రాజ్యాంగము 297 వ అధికరణమున చాటెను. భూమిమీది బావులపై వచ్చు రాయల్టీ ఆ రాష్ట్రమునకును, సముద్రపు బావులపై వచ్చునది కేంద్రమునకును చేరుచున్నవి. చట్టమున హక్కు సంపూర్ణముగ మనకు దక్కినది. ఐనను హక్కునకు రెండు పాదములు గలవు: ఒకటి స్వామ్యము, రెండవది లెక్క. మొదటి పాదము స్వాతంత్ర్యముతో వచ్చినది. రెండవ పాదము ఇంకను పూర్తిగ మోపలేదు.

మన పెట్రోలియము మంత్రిత్వశాఖ నెలనెలా ఉత్పత్తి పట్టికలు ప్రకటించుచున్నది. అది మెచ్చదగిన పని. వానియందు ముడినూనెకు వరుసలు గలవు, వాయువునకు వరుసలు గలవు. ఆ రెంటితోపాటు పైకి వచ్చు నీటికి వరుస లేదు. ఇది అసాధ్యమైన కోరికయా? నార్వే ప్రభుత్వము తన సముద్రమునందలి ప్రతి క్షేత్రమునకును నూనె, వాయువులతోపాటు నీటి లెక్కను నెలవారిగ లోకమునకు వెల్లడించుచున్నది. బ్రిటను ఉత్తరసముద్రమును గూర్చి అట్లే చేయుచున్నది. అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రము బావిబావికిని నీటి పీపాల లెక్క ముద్రించుచున్నది. ఆ దేశముల సంస్థలు దివాలా తీయలేదు. వారి వ్యాపారరహస్యములు తగులబడలేదు. ఇది నిపుణుల విషయము, సామాన్యుల కర్థము కాదు అను వాదము మనకు క్రొత్తది కాదు. వడ్ల తేమయంత్రమును గూర్చియు, చెరుకు రికవరీని గూర్చియు ఇదే వాదము విన్నాము. అర్థమగునో కాదో తెలియవలెనన్న ముందు చూపవలెను గదా!

పట్టణములోని పెట్రోలు బంకునకు పోయినవాడు, కొలతయందు అనుమానము గలిగినచో ముద్రవేసిన 5 లీటర్ల కొలపాత్ర తెప్పించి తన యెదుటనే కొలిపించుకొనవచ్చును. వడపోత కాగితముపై కల్తీ పరీక్షయు అడుగవచ్చును. బండిలో పోయించుకొను అయిదు లీటర్లకు పౌరునకు ఇంతటి సాక్ష్యాధికారము నిచ్చిన దేశము, భూగర్భమునుండి వెలువడు లక్షల పీపాలకు ఆతనికి ఒక్క నిలువు వరుసను చూపలేదనుట శోభించునా? ఒప్పందములందు యంత్రములను తనిఖీచేయు అధికారము ప్రభుత్వమునకు కలదు. ఆ తనిఖీ ఫలితము ప్రజలకు తెలియు మార్గము కూడ కావలెను. అధికారుల కన్నులు ప్రజల కన్నులకు ప్రత్యామ్నాయములు కావు; సహాయములు మాత్రమే.

కోనసీమ రైతుల పక్షమున మరియొక మాట. బావినుండి వచ్చు నీరు త్రాగునీరు కాదు. అది ఉప్పునీరు, నూనెజిడ్డుతో కూడినది. దానిని శుద్ధిచేసి మరల భూగర్భమునకు పంపుటయో, నియమానుసారము విడుచుటయో చేయవలెను. వరిచేలకును, కొబ్బరితోటలకును ఉప్పు శత్రువు. ఎంత నీరు పైకి వచ్చినదో తెలిసిననే, ఎంత నీరు లోనికి పోయినదని అడుగుటకు వీలగును. జమ వ్రాయని పద్దులో ఖర్చును ఎవడు తనిఖీ చేయగలడు?

కావున మేము ప్రభుత్వములను కోరునది స్వల్పము. నెలవారి ఉత్పత్తి పట్టికలలో ప్రతి క్షేత్రమునకును నీటి వరుస చేర్చవలెను. ఆ నీరు ఎచ్చటికి పోయినదో దాని ప్రక్కనే వ్రాయవలెను. ఏ పద్ధతితో కొలిచిరో, అందు పొరపాటునకు ఎంత అవకాశము గలదో తెలుపవలెను. అంకె యెంత ముఖ్యమో అంకెయందలి అనుమానమును అంతే ముఖ్యము. భూమిమీది బావుల పరీక్షాసమయమున రాష్ట్రప్రభుత్వపు ప్రతినిధి సాక్షిగ నుండవలెను. గ్రామముల నడుమ సాగు వాయుగొట్టములలోని తేమ లెక్కను ఆ గ్రామపంచాయతులకు అందజేయవలెను. ఈ అయిదింటికిని క్రొత్త బావి త్రవ్వవలసిన పనిలేదు, క్రొత్త పన్ను వేయవలసిన పనిలేదు. కొలుచుచున్నదానిని చూపుట చాలును.

మన యువకులకును ఒక మాట విన్నవింతుము. విశాఖపట్టణమున 2016 లో వెలసిన పెట్రోలియము విద్యాసంస్థ యున్నది. కాకినాడ సాంకేతిక విశ్వవిద్యాలయమున నూనెశాస్త్రము బోధింపబడుచున్నది. మన డిచ్‌పల్లియందే 2006 లో స్థాపితమైన తెలంగాణ విశ్వవిద్యాలయము కలదు. డీన్, స్టార్కుల గాజుపరికరము ఏ కళాశాల రసాయనశాలయందైనను ఉండదగినంత సులభమైనది. తేమను కొలుచు విద్యను వడ్లయందును, చెరుకునందును, నూనెయందును సమముగ నేర్చిన యువకుడు ఏ కాంటా యొద్దను తలవంచుకొని నిలువడు. కొలత విద్య రైతుబిడ్డకు పరాయి విద్య కాదు. ఆతని తండ్రి నష్టపడి నేర్చిన విద్యయే.

2024 జనవరి 7 న కాకినాడకెదురుగ నున్న లోతు సముద్రమున, ఓఎన్‌జీసీవారి 98/2 ఖండమునుండి తొలి నూనె వెలువడినప్పుడు దేశము సంతసించెను, మేమును సంతసించితిమి. ఆ క్షేత్రము నేడు యౌవనమున నున్నది. దాని నీటి లెక్క చిన్నది. లెక్క చిన్నదిగ నున్నప్పుడే దానిని వెలుగున నుంచు అలవాటు చేయుట సులభము. అది పెరిగి పెద్దదై, నష్టము దాపురించి, సంస్థయు సర్కారును ఒండొరులపై నేరము మోపుకొను దినము వచ్చినపిదప తెరచు పుస్తకము తీర్పునకు పనికివచ్చునేమో గాని రక్షణకు పనికిరాదు. కందకుర్తివద్ద గోదావరిలో స్నానమాడువాడును, అంతర్వేదివద్ద స్నానమాడువాడును ఒక్క నది బిడ్డలే. ఆ నది తన గర్భమున దాచియిచ్చిన సొత్తునకు ఇద్దరును వారసులే. ఆ సొత్తులో నీరెంతో, నూనె యెంతో ఇద్దరి కన్నుల యెదుటను కొలువబడుగాక!